చెమట పట్టని కుండ

ఆవకాయ పెట్టే రోజున జాడీ పగిలితే యింట్లో ఏమవుతుందో గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. 2019 వేసవిలో మా యింట్లో అదే జరిగింది. మా అమ్మమ్మ కాలం నాటి జాడీ అది. పైన గోధుమ రంగు, కింద మీగడ రంగు, రెండు పక్కలా చిన్న చెవులు. అటక మీదనుంచి దించుతుంటే నా చేతుల్లోనే జారి మూడు ముక్కలయింది. అప్పటికే మామిడికాయ ముక్కలు తుడిచి గుడ్డమీద ఆరబోసి వున్నాయి. ఆవపిండీ, కారమూ, ఉప్పూ కొలిచి వున్నాయి. ఏం చేస్తాం? ఆ యేడు ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్ళింది. రుచికేమీ లోటు లేదన్నారు మావారు. మర్యాద కోసం అంటున్నారని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆయనకీ తెలుసు.

ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక వరండాలో పెట్టుకున్నాను. ఒకనాడు పగిలిన అంచును తీరిగ్గా చూశాను. లోపలంతా బూడిద రంగులో రాయిలా గట్టిగా వుంది. పైన మాత్రం వెంట్రుకంత మందాన ఒక గాజుపొర. ఆ పొరే యిన్నాళ్ళూ నూనెనూ, ఉప్పునూ, పులుపునూ కాపలా కాసిందన్నమాట! యిలాంటిది ఒకటి మనమే చేసుకోలేమా అని బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి నన్ను నాలుగేళ్ళపాటు మట్టిలో తిప్పింది.

కుండ వేరు, జాడీ వేరు

మేము వుండేది ఉప్పల్ దాటి, వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ వైపు. ఆ దాపుల్లోనే ఒక వూళ్ళో కుమ్మరి తాత వున్నాడు. డెబ్బై దాటిన మనిషి. యింటి ముందు వేపచెట్టు, దానికింద సారె, గోడవారగా బోర్లించిన కుండలు. పెళ్ళిళ్ళకు అయిరేని కుండలు ఆయన దగ్గరే తీసుకుంటారు. ఆషాఢంలో బోనాలకు కుండలూ, దీపావళికి ప్రమిదలూ, ఎండాకాలం రంజన్లూ ఆయనవే. కొడుకులిద్దరూ వేరే వుద్యోగాల్లో వున్నారు. సారె మీద ఆయన తరువాత కూర్చునేవారు లేరు.

జాడీ కావాలని అడిగితే తాత నవ్వాడు.

"జాడి మేం జెయ్యం బిడ్డా. మాది కుండ. కుండకు చెమట వట్టాలె. చెమట వట్టకుంటె నీళ్ళు సల్లగైతయా? జాడికి చెమట వట్టొద్దు. రెండు ఒక్కటి గావు."

నేను కళాశాలలో రసాయనశాస్త్రం చదివినదాన్ని. నా పుస్తకాలు నాలుగు పుటల్లో చెప్పే సంగతిని తాత నాలుగు మాటల్లో చెప్పాడు. పల్లెటూరి ఆవంలో వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వుంటుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది కాని, దాని రేణువుల మధ్య సందులు మూసుకుపోవు. నీరు ఆ సందుల్లోంచి మెల్లగా పైకి వచ్చి ఆవిరవుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలా భాగం కుండలో మిగిలిన నీటినుంచే పోతుంది కనుక కుండనీరు చల్లబడుతుంది. యిదీ చెమట మర్మం.

అదే కుండలో ఊరగాయ పెట్టామా, చెమటే శత్రువవుతుంది. నూనె గోడల్లోకి యింకి కనరెక్కుతుంది. ఉప్పునీరు సందుల్లో చేరి, ఎండినప్పుడు స్ఫటికాలుగా పెరిగి, కుండ పైభాగాన్ని పెచ్చులు పెచ్చులుగా వూడదీస్తుంది. అందుకే జాడీకి వేరే మట్టి, వేరే వేడి, పైన గాజుపూత. దీన్నే గ్లేజు అంటారు.

మన వూరి పాత మెరుగులు

గాజుపూత మనకు కొత్తదని కొందరనుకుంటారు. హైదరాబాదు పాతబస్తీలో బాద్‌షాహీ అషూర్‌ఖానా చూసినవారు ఆ మాట అనరు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1590ల్లో కట్టిన భవనం అది. గోడలమీది రంగు పలకల పని 1611 నాటిది. నీలం, ఆకుపచ్చ, పసుపు పలకల్ని ముక్కలుగా కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగారు. 1908 మూసీ వరదల్లో కొన్ని పలకలు దెబ్బతిన్నాయి. మిగిలినవి నాలుగు వందల యేళ్ళ తరువాత కూడా నిన్న తుడిచిపెట్టినట్టు మెరుస్తున్నాయి. సున్నం వెలుస్తుంది, వార్నిషు వెలుస్తుంది. గాజులో కరిగిన రంగు అంత తేలికగా వెలవదు.

మన కాలానికి వస్తే, పి. ఆర్. దరోజ్ గారు హైదరాబాదులో పుట్టి, ఇక్కడా బరోడాలోనూ చదువుకొని, ఢిల్లీలో స్థిరపడి, గోడలంతటి మట్టి శిల్పాలు చేశారు. పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికా వారు స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో ఎందరో భారతీయులు యీ విద్య నేర్చుకున్నారు. గూడూరులో సిరామిక్ విద్య బోధించే ప్రభుత్వ సంస్థ వుంది. అంతెందుకు, మా యింటికి దగ్గరలోనే మౌలాలి వైపున వున్న అణు ఇంధన సముదాయంలో యురేనియం పొడిని బిళ్ళలుగా నొక్కి, సుమారు 1,700 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. ఒక విధంగా చూస్తే అదీ ఆవం కాల్చడమే! ఆ మౌలాలి గుట్టల దగ్గరే యినుప యుగం నాటి సమాధుల్లో కుండలు దొరికాయి. దక్కనులోని అటువంటి సమాధుల్లో లోపల నలుపూ వెలుపల ఎరుపూ వున్న కుండలు విరివిగా కనిపిస్తాయి. గాలి తగిలిన వైపు ఎరుపెక్కింది, గాలి అందని వైపు నల్లబడింది. ఆవంలో గాలిని అదుపులో పెట్టడం అంత పాత విద్య.

బండా, మట్టీ, బూడిదా

పుస్తకాలు కొన్నాను, పాఠాలకు వెళ్ళాను, రెండేళ్ళ జీతం మిగుల్చుకుని చిన్న ఎలక్ట్రిక్ కొలిమి ఒకటి తెప్పించుకున్నాను. గ్లేజు పొడులు బజారులో సంచుల్లో దొరుకుతాయి. నీళ్ళలో కలిపి ముంచితే సరి. కాని అటువంటి పూతకు ఏ వూరూ లేదు. ఖుర్జాలో ముంచినా, ఘట్‌కేసరులో ముంచినా ఒకటే తెలుపు. నా కాళ్ళకింది నేలనుంచే గాజు తియ్యాలని పట్టుదల కలిగింది.

గాజుపూతకు ముఖ్యంగా మూడు కావాలి. గాజుగా మారే సిలికా ఒకటి. దాన్ని తక్కువ వేడిలో కరిగించే క్షారాలూ సున్నమూ రెండవది. కరిగినది జారిపోకుండా పాత్రను పట్టుకునేటట్లు చేసే అల్యూమినా మూడవది. యీ మూడూ వెతుక్కుంటూ నేను దూరం పోనక్కరలేకపోయింది.

హైదరాబాదు చుట్టూ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే బండలు మీరు చూసే వుంటారు. సుమారు 250 కోట్ల యేళ్ళనాటి గ్రానైట్ అది. అందులో గులాబి రంగులో మెరిసే ఖనిజం ఫెల్డ్‌స్పార్. సిలికా, అల్యూమినా, క్షారాలు మూడూ అందులో వున్నాయి. యుగాల తరబడి వానకు నాని, యీ ఫెల్డ్‌స్పారే బంకమట్టిగా మారి చెరువుల్లో చేరుతుంది. అంటే తాత సారె మీది మట్టీ, వూరి చివరి గుట్టా ఒక యింటివే. ఒకటి తల్లి, ఒకటి బిడ్డ. యిక కావలసింది సున్నం. అది కట్టెల బూడిదలో పుష్కలంగా వుంటుంది.

గ్రానైట్ పలకలు కోసే షెడ్డు ఒకదానికి వెళ్ళి, రంపం కింద పేరుకున్న బురద కావాలన్నాను. వాళ్ళు దాన్ని పారబోయడానికి చోటులేక అవస్థ పడుతున్నారు. "రెండు ట్రాక్టర్లు పంపమంటారా అమ్మా?" అన్నాడు మేస్త్రీ. ఒక బక్కెట్ చాలన్నాను. పెళ్ళివంటలు చేసే ఒకాయన చింతకట్టెల బూడిద గోనెసంచి నిండా యిచ్చాడు. ఆ బూడిదను నీళ్ళలో కలిపి, తేరిన నీటిని వంచి, మళ్ళీ కలిపి, యిలా నాలుగైదుసార్లు కడిగాను. తేట నీటిలో క్షారం వుంటుంది. చేతితొడుగు లేకుండా మొదటిసారి కలిపి, వేళ్ళు పొక్కి, వారం రోజులు అన్నం చెంచాతో తిన్నాను.

తొమ్మిది బిళ్ళలు

కొలిచి చూడనిదే ఏదీ తేలదు కదా! వేలెడంత మట్టి బిళ్ళలు తొమ్మిది చేసి, కాల్చి, వాటికి అంకెలు వేశాను. మొదటిదానికి పదిపాళ్ళు బూడిద, తొంభైపాళ్ళు గ్రానైట్ పొడి. రెండవదానికి యిరవై, ఎనభై. యిలా తొమ్మిదవదాకా. అన్నిటినీ ఒకేసారి 1,250 డిగ్రీలకు కాల్చాను. కొలిమిలోని వేడి తెలుసుకోవడానికి లోపల కోను అనే చిన్న ముక్కోణపు స్తంభం పెడతారు. తగినంత వేడి తగలగానే అది నమస్కారం పెట్టినట్టు వంగుతుంది. చిన్న రంధ్రంలోంచి ఆ వంపును చూస్తూ కూర్చోవడం ఒక తపస్సు. కాల్చడానికి పది గంటలు పడితే చల్లారడానికి ఒక పూర్తి రోజు. తొందరపడి మూత తీస్తే చల్లగాలికి పాత్రలు చిట్లుతాయి. నేను తొందరపడ్డాను. చిట్లాయి.

మూడోసారికి బుద్ధి వచ్చింది. మొదటి రెండు బిళ్ళలూ సుద్ద పూసినట్టు పొడిగా వున్నాయి. ఎనిమిది, తొమ్మిది కరిగి కారి, కొలిమి పలకకు అంటుకుపోయాయి. మధ్యలో నాలుగూ అయిదూ మాత్రం తేనె రంగులో, నున్నగా మెరుస్తున్నాయి. ఆ రంగు గ్రానైటులోని యినుముది. యిదే పూతను గాలి తగ్గించి గ్యాసు కొలిమిలో కాలిస్తే లేత ఆకుపచ్చ వస్తుంది. చైనావారు వందల యేళ్ళు అటువంటి పచ్చని పాత్రలు చేశారు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో అవి వున్నాయి. వాటిలో విషాహారం పెడితే పళ్ళెం పగులుతుందని పూర్వం నమ్మేవారట.

సంబరం ఎంతోసేపు నిలవలేదు. కొలిమినుంచి తీసిన గిన్నె బల్లమీద పెట్టగానే "టింగ్, టింగ్" అని సన్నగా మోగడం మొదలుపెట్టింది. చెవికి యింపుగానే వుంది. కాని అది పూత పగిలే చప్పుడు. చల్లారేటప్పుడు పూత కింది మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటే వెంట్రుకల్లాంటి పగుళ్ళు పడతాయి. పూలకుండీకయితే అవి అలంకారం. ఊరగాయ జాడీకి పనికిరావు. పూతలో సిలికా పెంచితే ముడుత తగ్గుతుందని పుస్తకం చెప్పింది. సిలికా ఎక్కడ దొరుకుతుంది? వరి పండే దేశంలో ఆ ప్రశ్న అడగకూడదు. వరిపొట్టు బూడిదలో దాదాపు తొంభై పాళ్ళు సిలికాయే! రైసు మిల్లునుంచి ఒక సంచి తెచ్చాను. కొద్దికొద్దిగా పెంచుతూ పోతే పదకొండవ కాల్పుకు గిన్నె మోగడం మానేసింది.

ఈలోగా పెళ్ళివంటలాయన బూడిద అయిపోయింది. మళ్ళీ తెచ్చిన సంచిలో ఏవో వేరే కట్టెలు కలిశాయి. పూత రంగు మారిపోయింది. అప్పటినుంచి ఏ సంచి ఎక్కడిది, ఏ కట్టె, ఎన్నిసార్లు కడిగాను అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను.

యిక్కడ గృహిణులకు ఒక ముక్క చెప్పాలి. మెరిసే మట్టిపాత్రలన్నీ తిండికి తగినవి కావు. తక్కువ వేడిలో మెరుపు రావడానికి పూర్వం చాలా దేశాల్లో సీసం వాడేవారు. సరిగా కుదరని సీసపు పూతనుంచి చింతపండు, నిమ్మ, మామిడి పులుపుకు విషం ఆహారంలోకి దిగుతుంది. కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. ప్రయోగశాలల్లో నూటికి నాలుగు పాళ్ళ ఎసిటిక్ ఆమ్లం పోసి, 24 గంటలు వుంచి, ఎంత సీసం, ఎంత కాడ్మియం దిగిందో కొలుస్తారు. నా పూతలో సీసం కలపకపోయినా, బండలో ఏముందో, బూడిదలో ఏముందో అని ఒక గిన్నెను పరీక్షకు పంపాను. నిక్షేపంగా వాడుకోవచ్చని కాగితం వచ్చాకనే మా యింట్లో దానిలో పెరుగు తోడువేశాను.

తాత చెయ్యి

పూత కుదిరింది. జాడీ కుదరలేదు. గిన్నెలూ, కప్పులూ తిప్పగలను కాని, నిలువెత్తు గోడ లేపేసరికి నా చేతిలో అది వంగిపోయేది. చివరికి గట్టిమట్టి ముద్దలు కారులో వేసుకుని తాత దగ్గరికే వెళ్ళాను. ద్వారకా తిరుమల వైపు దొరికే తెల్లని బంకమట్టిలో వేడికి ఆగే ఫైర్ క్లే కలిపిన మట్టి అది.

తాత రెండు వేళ్ళతో నలిపి చూసి ముఖం చిట్లించాడు. "ఇది మాట వినది బిడ్డా. మా చెర్వు మన్ను చెప్పినట్టు యింటది."

"వింటే నీ దగ్గరికెందుకు తెస్తాను తాతా?"

ఆ మాటకు పౌరుషం వచ్చింది కాబోలు, సారె దగ్గర కూర్చున్నాడు. మొదటి రెండూ కూలాయి. మూడోదాన్ని రెండు భాగాలుగా చేసి, కాస్త ఆరాక అతికి, లోపల గుండ్రాయి పట్టుకుని వెలుపల చెక్కతో తడుతూ గోడ బిగించాడు. నేను పన్నెండంగుళాల ఎత్తు కావాలన్నాను. ఆరి కాలేసరికి యీ మట్టి నూటికి పన్నెండు పాళ్ళు ముడుచుకుంటుంది కనుక పదిన్నర అంగుళాలు మిగులుతుంది. ఆ లెక్క చెబితే తాత, "ముసలైతే మనం గుంజుకపోమా, గట్లనే," అన్నాడు.

అలా అయిదు జాడీలు చేశాడు. ఒకటి ఎండటంలోనే బీటవారింది. ఒకటి కొలిమిలో పగిలింది. మూడు నిలిచాయి. తేనె రంగు, భుజం దగ్గర పూత చిక్కబడి ముదురు గోధుమ రంగు. అచ్చంగా మా అమ్మమ్మ జాడీ కాదు కాని, దాని మనవరాలు అనిపించేటట్లుంది.

అడుగున పేరు

అసలు చెప్పదలచిన సంగతి యిప్పుడు వస్తుంది.

2022లో పట్నంలో జరిగిన ఒక చిన్న ప్రదర్శనలో నా కప్పులు పెట్టాను. ఒక్కొక్కటి ఆరువందలకు అమ్ముడుపోయింది. అదే నెలలో తాత నీళ్ళకుండ నూటయాభైకి అడిగినవాళ్ళు నూరుకిమ్మని బేరమాడారు. నా కప్పు అడుగున నా పేరుంది, ఆయన కుండ అడుగున ఏమీ లేదు. తేడా అంతే. అప్పుడు నేను దాన్ని గురించి పెద్దగా ఆలోచించలేదు.

కాలిన జాడీని తాతకు చూపించడానికి తీసుకువెళ్ళాను. ఒళ్ళో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. కంచులా మోగింది. తృప్తిగా తలూపాడు. బోర్లించి అడుగు తడిమాడు. బొటనవేలు ఒకచోట ఆగింది.

"ఇదేంది బిడ్డా?"

"నా పేరు తాతా."

అలవాటు చొప్పున, పచ్చిగా వున్నప్పుడే గీశాను. ఆయన తిప్పిన జాడీ అని ఆ క్షణాన తోచనే లేదు. తాత ఒక్క క్షణం వూరుకుని, "మంచిగ రాసినవ్," అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ముల్లయింది.

యింటికి వచ్చాక పుస్తకాలు తిరగేశాను. 1925 ప్రాంతంలో జపానులో యానాగి సోయెత్సూ అనే పండితుడు, హమాడా షోజీ, కవాయి కంజిరో అనే కుమ్మర్లూ కలిసి, పేరులేని పల్లె పనివాళ్ళ పాత్రలే గొప్ప అందమైనవని చాటి, వాటికోసం 1936లో టోక్యోలో ఒక మ్యూజియం పెట్టారు. జపాను వెళ్ళి వాళ్ళ స్నేహం సంపాదించిన మన సర్దార్ గురుచరణ్ సింగ్, 1952లో ఢిల్లీలో పాటరీ స్థాపించారు. హమాడా ఎంత పేరు పొందినా తన పాత్రల మీద ముద్ర వేయడం మానుకున్నాడు. ముందు నేనూ అలాగే పేరు తీసేద్దామనుకున్నాను. కాని ఆలోచిస్తే అది సుళువైన త్యాగమని తోచింది. పేరు వున్నవాడు పేరు వదులుకుంటే వినయం. తాతకు వదులుకోవడానికి ఏముంది? ఆయన కావాలంటే కదా వదిలేది!

మరుసటి వారం పచ్చి జాడీలు ఆయన ముందు పెట్టి, అడుగున బొటనవేలు నొక్కమన్నాను.

పకపకా నవ్వాడు. "బ్యాంకుల వెట్టిన, రేషన్ దుకాన్ల వెట్టిన. కుండకు ఎన్నడు వెట్టలే. ఎవడన్న అప్పు వసూలుకొస్తడా ఏంది?"

"కూలి వసూలు చేసుకోవడానికి తాతా. యిక నుంచి అమ్మినదానిలో సగం నీది."

నవ్వు ఆపి నన్నొకసారి చూశాడు. అరచెయ్యి ధోవతికి తుడుచుకుని, ఒక్కొక్క జాడీ అడుగునా, పాపాయి నుదుట బొట్టు పెట్టినంత జాగ్రత్తగా వేలు నొక్కాడు. దాని పక్కన నేను నా పేరు గీశాను.

2023 వేసవిలో ఆవకాయ ఆ జాడీలోకి వెళ్ళింది. అడుగున ఒక పాత వార్తాపత్రిక పరిచాను. మూడోనాడు తిరగ కలిపే వేళకు తాతను రమ్మని కబురు చేశాను. వస్తూనే ఆవకాయను చూడలేదు. జాడీని కాస్త పక్కకు వంచి, అడుగుకింద అరచెయ్యి పెట్టి చూశాడు. కాగితాన్ని తడిమాడు. పొడిగా వుంది.

"చెమట వట్టలే," అన్నాడు.

తరువాత వేడి అన్నంలో ముద్ద కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగి, అన్నాడు:

"జాడి మంచిగున్నది బిడ్డా. ఉప్పే జర ఎక్కువైంది."